ప్రమాణాల పాఠం, భివండి మగ్గం: తెలుగు భౌతికశాస్త్ర పరిభాషపై ఒక పరిశీలన

1

తెలుగులో 'ప్రమాణం' అనే మాటకు మూడు అర్థాలు వాడుకలో ఉన్నాయి. దేవుడి ముందు నిలబడి చేసే ఒట్టు ప్రమాణం. తర్కశాస్త్రంలో జ్ఞానానికి ఆధారమైనది ప్రమాణం. భౌతికశాస్త్రంలో ఒక రాశిని కొలవటానికి ఆధారంగా తీసుకొన్న పరిమాణం ప్రమాణం. మూడింటిలోనూ సామాన్యాంశం ఒకటుంది. ఇద్దరి మధ్య తగవు వచ్చినప్పుడు ఇద్దరూ ఒప్పుకొని తీరవలసిన ఆధారం అది. మన భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకాల్లో మొదటి అధ్యాయం సాధారణంగా ప్రమాణాల గురించే ఉంటుంది. అది చదివిన విద్యార్థికి మూడో అర్థం ఒక్కటే, అదీ ఒక పట్టిక రూపంలో మిగులుతుంది. పట్టికను పరీక్ష కోసం వల్లె వేస్తాడు. అందులోని తగవూ, ఒప్పందమూ అతని దృష్టికి రావు.

ఈ లోపాన్ని పరిశీలించటానికి భివండిని ఎంచుకోవటం యాదృచ్ఛికం కాదు. మహారాష్ట్రలో ఠాణా జిల్లాలోని ఈ మరమగ్గాల పట్టణానికి కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి పద్మశాలీలు తరతరాలుగా వలస వచ్చారు. వాళ్ళున్న పేటకు పద్మనగర్ అన్న పేరే ఆ చరిత్రను చెబుతుంది. అక్కడి తెలుగు పిల్లవాడు ఇంట్లో తెలంగాణ తెలుగు, వీధిలో హిందీ, ఆఫీసు కాగితాల్లో మరాఠీ, కాలేజీలో ఇంగ్లీషు వింటూ పెరుగుతాడు. అన్నిటికన్నా ఎక్కువగా వినేది సాంచెల చప్పుడు. మరమగ్గాన్ని సిరిసిల్లలోనూ అదే పేరుతో పిలుస్తారు. భౌతికశాస్త్రం ఏ ప్రమాణ వ్యవస్థల గురించి మాట్లాడుతుందో అవన్నీ ఆ షెడ్డులో ఒకేసారి పనిచేస్తుంటాయి. అయినా పాఠం షెడ్డులోకి రాదు, షెడ్డు పాఠంలోకి రాదు. ఈ ఎడబాటుకు కారణం పరిభాష కఠినంగా ఉండటమేనని చాలామంది అనుకొంటారు. కారణం మరొకచోట ఉందని నా అభిప్రాయం.

2

ముందుగా ఒక్క మాటను తీసుకొందాం. తెలుగు పాఠ్యపుస్తకాల్లో 'పని, శక్తి, సామర్థ్యం' అన్న వరస స్థిరపడింది. పని చేయగల స్తోమత శక్తి. ఆ పని ఎంత వేగంగా జరుగుతున్నదో తెలిపేది సామర్థ్యం. కన్నడం కూడా ఇదే దారిన నడిచింది. మరాఠీ శాస్త్ర పరిభాషలో ఈ వరస 'కార్య, ఊర్జా, శక్తీ'. అంటే మన శక్తి మరాఠీవాళ్ళకు ఊర్జా. మన సామర్థ్యం వాళ్ళకు శక్తి. హిందీ కూడా మరాఠీ పక్షమే.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. మనం ద్రవ్యరాశి అన్నదాన్ని మరాఠీలో వస్తుమాన్ అంటారు, హిందీలో ద్రవ్యమాన్ అంటారు. మన సాంద్రత మరాఠీలో ఘనతా. మన ప్రమాణం అక్కడ ఏకక్. ప్రమాణ్ అంటే మరాఠీలో పాళ్ళు, నిష్పత్తి అన్న అర్థం ముందుగా తోస్తుంది. పేర్లు వేరైనంత మాత్రాన పెద్ద చిక్కు లేదు. రెండు పేర్లు నేర్చుకొంటే సరిపోతుంది. ఒకే పేరు రెండు వేర్వేరు రాశులకు ఉండటమే అసలు ప్రమాదం. 'ఈ మోటారు శక్తి ఒక హార్స్ పవర్' అన్న వాక్యం మరాఠీ శాస్త్రంలో ఒప్పు, తెలుగు శాస్త్రంలో తప్పు. మాటల్లో ఒక్క అక్షరం తేడా లేదు.

భారత ప్రభుత్వం శాస్త్ర సాంకేతిక పరిభాషా సంఘాన్ని 1961లో ఏర్పాటు చేసినప్పుడు సంస్కృత ధాతువులపై కట్టిన పదాలు దేశభాషలన్నిటికీ ఉమ్మడి ఆస్తి కాగలవన్న ఆశ ఉండేది. శక్తి ఉదంతం ఆ ఆశకు హద్దు చూపిస్తుంది. ధాతువు ఉమ్మడిదే, అర్థాన్ని పంచుకోవటంలో మాత్రం ఎవరి దారి వారిది. అయితే అదే సంఘం చేసిన మరొక నిర్ణయం నిలబడింది. డైన్, కెలోరీ, వోల్ట్, ఆంపియర్ వంటి ప్రమాణాల పేర్లనూ, గుర్తులనూ అంతర్జాతీయ రూపంలోనే ఉంచాలన్నారు. శక్తి అన్న మాట పక్కన జౌల్ కనిపిస్తే మాట్లాడుతున్నది తెలుగు శాస్త్రమనీ, వాట్ కనిపిస్తే మరాఠీ శాస్త్రమనీ గుర్తుపట్టవచ్చు. మాట దారి తప్పినచోట ప్రమాణం సాక్ష్యం చెబుతుంది. తర్కశాస్త్రపు అర్థమూ భౌతికశాస్త్రపు అర్థమూ ఇక్కడ కలుసుకొంటున్నాయి.

ఈ తేడా కేవలం పరీక్షల కోసం కాదు. మగ్గాల షెడ్డుకు వచ్చే కరెంటు బిల్లులో రెండు సంఖ్యలుంటాయి. మంజూరైన లోడు హార్స్ పవర్‌లోనో కిలోవాట్లలోనో ఉంటుంది. ఇది సామర్థ్యం. వాడకం యూనిట్లలో ఉంటుంది. ఇది శక్తి. ఒక హార్స్ పవర్ అంటే 746 వాట్లు. ఒక యూనిట్ అంటే ఒక కిలోవాట్-గంట, అనగా 36 లక్షల జౌళ్ళు. ఒక హార్స్ పవర్ మోటారు పూర్తి బరువు మీద 12 గంటలు నడిస్తే, మోటారులో జరిగే నష్టాన్ని పక్కన పెట్టి, సుమారు 9 యూనిట్లు. లోడు పెరగకుండా బిల్లు పెరగటానికీ, వాడకం పెరగకుండా బిల్లు పెరగటానికీ కారణాలు వేరు. రెంటినీ ఒకే మాటతో పిలిచే మనిషి ఆ తేడా అడగలేడు.

3

ఇక షెడ్డులోకి వెళదాం. నూలు కిలోల్లో కొంటారు. బట్ట మీటర్లలో అమ్ముతారు. పేక పోగుల దట్టాన్ని అంగుళానికి ఇన్ని పిక్కులని చెబుతారు. మోటారుది హార్స్ పవర్. నూలు సన్నదనానికి నంబరు, కృత్రిమ దారానికి డెనియర్. ఒకే బట్ట ముక్కలో బ్రిటిష్ పద్ధతీ మెట్రిక్ పద్ధతీ పడుగూ పేకల్లా అల్లుకొని ఉన్నాయి.

వీటిలో చివరి రెండింటినీ నిదానంగా చూడాలి. 40 నంబరు నూలు అంటే ఏమిటి? 840 గజాల చిలపలు ఒక పౌను బరువుకు 40 తూగుతాయని అర్థం. కిలోల్లో కొన్న నూలు నంబరులో పౌను దాక్కొని ఉంది, మీటర్లలో అమ్మే బట్ట నంబరులో గజం దాక్కొని ఉంది. డెనియర్ మరొక రకం. 9000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. నంబరులో బరువు స్థిరం, పొడవు మారుతుంది. డెనియర్‌లో పొడవు స్థిరం, బరువు మారుతుంది. అందుచేత నంబరు పెరిగితే పోగు సన్నబడుతుంది, డెనియర్ పెరిగితే లావెక్కుతుంది.

భౌతికశాస్త్రం ఈ రెంటినీ ఒకే రాశిగా చూస్తుంది. దాని పేరు రేఖీయ సాంద్రత, అంటే ప్రమాణ పొడవుకు ద్రవ్యరాశి. దీనికి మెట్రిక్ ప్రమాణం టెక్స్: 1000 మీటర్ల దారం బరువు గ్రాముల్లో. ఈ లెక్కన 40 నంబరు నూలు సుమారు 14.8 టెక్స్, 80 నంబరు అందులో సగం, 7.4 టెక్స్. 40 డెనియర్ దారం 4.4 టెక్స్, 80 డెనియర్ దానికి రెట్టింపు, 8.9 టెక్స్. 40 నంబరు పోగు 40 డెనియర్ పోగుకన్నా మూడు రెట్లకు పైగా బరువు. 80 దగ్గరికి వచ్చేసరికి రెండూ దగ్గరవుతాయి. 73 దగ్గర దాదాపు ఒకటవుతాయి. ఆ పైన తలకిందులవుతాయి.

అనులోమానుపాతం, విలోమానుపాతం అన్న మాటలు చూసి విద్యార్థులు భయపడతారని ఉపాధ్యాయులు అంటారు. భివండి పిల్లవాడికి ఆ రెండు భావాలూ చేతివేళ్ళకు తెలుసు. నంబరు నూలునూ డెనియర్ దారాన్నీ తాకి చూసినవాడికి ఒక సంఖ్య పెరిగితే లావెక్కేది ఏదో, సన్నబడేది ఏదో చెప్పనక్కర్లేదు. అతనికి తెలిసినదానికి పేరు ఇదీ అని చెప్పే వాక్యం పాఠంలో లేదు. అంతే లోపం.

4

ఇలా అన్నంత మాత్రాన పాత కొలతలన్నీ బంగారమనీ, మీటరు వచ్చి చెడగొట్టిందనీ అనటం లేదు. ఆ ధోరణి కూడా విమర్శకు నిలవదు.

తెలుగు వ్యాకరణంలో కొలతలకు ఒక చక్కని ప్రత్యయం ఉంది. మూరెడు, జానెడు, బెత్తెడు, బారెడు అన్నప్పుడు శరీరం కొలబద్ద. దోసెడు, పిడికెడు అన్నప్పుడు చెయ్యే పాత్ర. గంపెడు, కడివెడు, చెంబెడు అంటాం. చివరికి బండెడు చాకిరీ కూడా చేస్తాం. ఏ వస్తువునైనా కొలమానంగా మార్చగల వ్యాకరణం ఇది. కాని మీటరుకు, కిలోకు ఈ ప్రత్యయం అంటలేదు. 'మీటరు గుడ్డ', 'కిలో నూలు' అంటాం. దీనికి కారణం ఆలోచించదగ్గది. 'ఎడు' చేరిన ప్రతి మాటలోనూ ఒక నిండుతనం ఉంది, ఫలానా చెయ్యి, ఫలానా గంప ఉంది. మీటరుకు అలాంటి శరీరం లేదు. అది ఎవరి చెయ్యీ కాదు గనకనే అందరికీ చెల్లుతుంది. మూరెడు అన్నప్పుడు కొనేవాడి మూరా, అమ్మేవాడి మూరా అన్న ప్రశ్న ఎప్పుడూ మిగిలే ఉంటుంది.

నేతలో 'పుంజం' అనే కొలత ఇంకా విలువైన ఉదాహరణ. 120 పడుగు పోగులు ఒక పుంజం. కోరమాండల్ తీరపు బట్టల వ్యాపారంలో ఇన్ని పుంజాల బట్ట అని నాణ్యాన్ని చెప్పేవారు. పుంజాలు పెరిగితే బట్ట మేలైనదని లెక్క. కాని ఈ కొలతలో ఒక షరతు దాగి ఉంది. బట్ట పన్నా స్థిరంగా ఉంటేనే పుంజాల సంఖ్య దట్టాన్ని తెలుపుతుంది. పన్నా మారితే అదే సంఖ్య వేరే నాణ్యాన్ని చెబుతుంది. అంటే ఇది హారం రాయని భిన్నం. ఆ వృత్తిలో పుట్టిపెరిగినవాళ్ళకు హారం నోటికి తెలుసు గనక రాయనక్కర్లేదు. బయటివాడికి, వలస వెళ్ళినవాడికి, మరుసటి తరానికి అది తెలియదు. నూలు నంబరూ ఇలాంటిదే. 40 అన్నాక 'దేనికి ఎన్ని' అన్నది మింగేశారు.

తూకాల సంగతి చెప్పనవసరం లేదు. మద్రాసు మణుగు 25 పౌన్లు, బొంబాయి మణుగు 28 పౌన్లు, బెంగాలు మణుగు 82 పౌన్లకు పైన. పేరు ఒకటే. మద్రాసు లెక్కకు అలవాటుపడ్డవాడు బొంబాయి వచ్చి మణుగు అంటే మూడు పౌన్ల తగవు తెచ్చుకొన్నట్టే. తూనికలు కొలతల ప్రమాణాల చట్టం 1956లో వచ్చింది. 1958 అక్టోబరు 1 నుంచి దశలవారీగా అమలైంది. మణుగు, వీశె, శేరు బజారు నుంచి తప్పుకొన్నాయి. నూలు నంబరు, అంగుళానికి పిక్కులు మాత్రం వ్యాపారపు వాడుకలో నిలిచిపోయాయి. మెట్రిక్ పద్ధతి తలుపు దాకా వచ్చింది, మగ్గం దాకా పూర్తిగా రాలేదు.

5

ఇప్పుడు పుస్తకాల విషయం. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి ఇంటర్మీడియట్, డిగ్రీ స్థాయిల్లో భౌతికశాస్త్రాన్ని తెలుగులో చదువుకొనే వీలు కల్పించింది. ఆ కృషిని తక్కువ చేయటం అన్యాయం. ఆ పరిభాష సంస్కృత భూయిష్ఠమన్న విమర్శ మొదటినుంచీ ఉంది. ఆ విమర్శ గురి తప్పిందని నేననుకొంటాను. 'ద్రవ్యవేగం' అన్న మాట చూడండి. ద్రవ్యరాశినీ వేగాన్నీ గుణిస్తే వచ్చేది ద్రవ్యవేగం. సూత్రం పేరులోనే ఉంది. 'రేఖీయ సాంద్రత' కూడా అలాంటిదే. మన మగ్గాల షెడ్డులో 'నంబరు' అన్న తేలికైన మాట ఏ సంబంధాన్నీ చెప్పదు. మాట కఠినమా సులువా అని అడిగే ముందు, అది సంబంధాన్ని చూపిస్తున్నదా దాచేస్తున్నదా అని అడగాలి. ఆ గీటురాయి మీద కొన్ని సంస్కృత పదాలు నిలుస్తాయి, కొన్ని వాడుక పదాలు నిలవవు. దీనికి తిరగేసిన ఉదాహరణలూ ఉన్నాయి. 'త్వరణం' అన్న మాట విన్నవాడికి సెకనుకు వేగంలో మార్పు అన్న సంగతి తోచదు.

అసలు లోపం పాఠం నిర్మాణంలో ఉంది. నిర్వచనం, మూలరాశుల జాబితా, సి.జి.ఎస్., ఎమ్.కె.ఎస్., ఎస్.ఐ. పద్ధతుల పట్టిక, ఆ తర్వాత లెక్కలు. ఒక పద్ధతి తర్వాత మరొకటి ఎందుకు వచ్చిందో చెప్పకపోవటం వల్ల అవి మూడు వేర్వేరు కులాల్లా కనిపిస్తాయి. బ్రిటిష్ అసోసియేషన్ 1873లో సెంటీమీటరు, గ్రాము, సెకను ఆధారంగా డైన్, ఎర్గ్ వంటి ప్రమాణాలను సిఫారసు చేసింది. అవి నిత్యవ్యవహారానికి మరీ చిన్నవి. లక్ష డైన్లయితే ఒక న్యూటన్, కోటి ఎర్గులయితే ఒక జౌల్. మన లక్ష, కోటి ఇక్కడ అచ్చంగా సరిపోవటం గమనించదగ్గది. 1901లో జియోర్జీ అనే ఇటాలియన్ ఇంజనీరు మీటరు, కిలోగ్రాము, సెకనులకు ఒక విద్యుత్ ప్రమాణాన్ని చేర్చితే యాంత్రిక, విద్యుత్ ప్రమాణాలు ఒకే గొలుసులోకి వస్తాయని చూపించాడు. అలా ఒక మోటారు తీసుకొనే వాట్లూ, అది తిప్పే మగ్గం పనీ మధ్యలో గుణకాలేవీ లేకుండా ఒకే లెక్కలో ఇమిడాయి. 1960లో దీని వారసురాలికే ఎస్.ఐ. అని పేరు పెట్టారు. ఈ కథను భివండి విద్యార్థి ముందు చెప్పి, తర్వాత పట్టిక ఇస్తే పట్టిక గుర్తుంటుంది. హార్స్ పవర్‌కు 746 ఎందుకు కావలసివచ్చిందో, వాట్‌కు అలాంటి సంఖ్య ఎందుకు అక్కర్లేదో అప్పుడు అర్థమవుతుంది.

మరోవైపు ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి 1971లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశం రెండో సంపుటంగా చేనేత పదాలను ప్రచురించింది. మన భాషాశాస్త్రం గర్వించదగ్గ పని అది. అయితే దాని ఉద్దేశం చేనేత. మరమగ్గం దాని పరిధిలోది కాదు, భివండి, షోలాపూర్ దాని ప్రాంతాలు కావు. వలస వెళ్ళిన నేతగాడు కొత్తగా పట్టుకొన్న సాంచె, పిక్కు, డెనియర్ వంటి మాటలు ఏ కోశానికీ చెందకుండా పోయాయి. ఒక సంస్థ భౌతికశాస్త్రానికి మాటలు కట్టింది, మరొకటి నేతగాళ్ళ మాటలు సేకరించింది. ఆ రెండు పుస్తకాలూ ఒకే బల్ల మీద ఎన్నడూ కలుసుకోలేదు. రేఖీయ సాంద్రత అన్న ఆరోపానికి ఎదురుగా 'నంబరు, డెనియర్' అని రాసే సాహసం ఇటు శాస్త్ర పరిభాషాకారులూ చేయలేదు, అటు మాండలిక పరిశోధకులూ చేయలేదు.

6

ఇదంతా మాటల పట్టింపు అనుకొనేవారి కోసం ఒక లెక్క. ఒక సాంచె నిమిషానికి 150 పిక్కులు కొడుతుందనుకొందాం. అంగుళానికి 60 పిక్కుల బట్ట అయితే నిమిషానికి రెండున్నర అంగుళాలు, గంటకు 150 అంగుళాలు, అంటే 3.81 మీటర్లు దిగుతుంది. 72 పిక్కుల బట్ట అయితే గంటకు 125 అంగుళాలు, సుమారు 3.18 మీటర్లు. దారం తెగటం, కండె మార్చటం వంటి ఆటంకాలు వదిలేశాం. మీటరు బట్టలో మొదటిదానికి 2362 పేక పోగులు, రెండోదానికి 2835. పని 20 శాతం ఎక్కువ.

మీటరుకు ఇంత అని కూలి కట్టే చోట రెండు రకాలకూ ఒకే రేటు ఉంటే, 72 పిక్కుల బట్ట నేసేవాడు ప్రతి మీటరుకూ 472 పోగులు ఊరికే వేసినట్టు. మీటరు అబద్ధం చెప్పదు. తాను తెచ్చి కొలిస్తే సరిగ్గానే ఉంటుంది. మోసం కొలబద్దలో లేదు, ఏ రాశిని కొలుస్తున్నామన్నదానిలో ఉంది. పని పిక్కుల్లో జరుగుతుంది, కూలి మీటర్లలో వస్తుంది. మధ్యలో అంగుళాన్ని మీటరుగా మార్చే 39.37 అన్న సంఖ్య తెలిసినవాడు రేటు అడగగలడు. తెలియనివాడు గొణుక్కోగలడు. ప్రమాణాల పాఠం నిజంగా నేర్పవలసినది ఈ అడిగే శక్తిని. ఇక్కడ శక్తి అన్న మాటను ఏ భాష అర్థంలో తీసుకొన్నా నష్టం లేదు.

భౌతికశాస్త్రం ఈ విషయంలో తనను తానే ప్రశ్నించుకొంటూ వచ్చింది. 1875లో పదిహేడు దేశాలు మీటరు ఒడంబడిక మీద సంతకాలు చేశాయి. 1889 నుంచి ఒక లోహపు కడ్డీ మీటరు, ఒక లోహపు దిమ్మ కిలోగ్రాము. 1983 నుంచి మీటరును కాంతి వేగంతో, 2019 మే 20 నుంచి కిలోగ్రామును ప్లాంక్ స్థిరాంకంతో నిర్వచిస్తున్నారు. నిర్వచనం మారినా బజారులో కిలో నూలు కిలో నూలుగానే ఉండేటట్టు జాగ్రత్తపడ్డారు. ఏ దేశపు భోషాణంలోనూ లేని, ఏ ఒక్కరి సొత్తూ కాని ఆధారం కోసం వెతుకులాట అది. మూర నుంచి మీటరుకు వచ్చినప్పుడు మొదలైన ప్రయాణమే ఇక్కడికి చేరింది.

7

తెలుగు నేలకు దూరంగా తెలుగు చదువుకొనే విద్యార్థులకు ఈ పని మిగతావారికన్నా సులువు. వాళ్ళ చెవుల్లో రెండు మూడు పరిభాషలు ఒకేసారి మోగుతుంటాయి. ఒక నోటుపుస్తకం తీసుకొని ప్రతి భౌతికరాశికీ తెలుగు, మరాఠీ, హిందీ పేర్లను ఒకే వరసలో రాసి, చివర దాని ప్రమాణం రాసుకోవాలి. శక్తి అన్న మాట రెండు వరసల్లో కనిపించినప్పుడు ప్రమాణాన్ని బట్టి తీర్పు చెప్పుకోవాలి. రెండోది, ఇంట్లోనూ షెడ్డులోనూ వినిపించే కొలత మాటలను సేకరించాలి. ప్రతి మాటకూ అర్థంతోపాటు దాని హారం కూడా రాయాలి: దేనికి ఎన్ని, ఎంత పన్నాకు, ఎంత పొడవుకు, ఎంత బరువుకు. ఇది పదకోశకారులు చేయని పని, పాఠ్యపుస్తక రచయితలు అడగని ప్రశ్న.

ఈ రెండు వరసలూ కలిసిననాడు తెలుగులో ప్రమాణాల అధ్యాయం పట్టికతో మొదలుకానక్కర్లేదు. నంబరు నూలు ఒక చేతిలో, డెనియర్ దారం మరొక చేతిలో పట్టుకొన్న పిల్లవాడితో మొదలుకావచ్చు. ఆ పిల్లవాడు భివండిలో ఉన్నాడు.